మెల్‌బోర్న్ నుంచి టాస్మేనియాకు మోటర్‌హోమ్‌లో, రాత్రంతా ఓడలో: అమ్మానాయనలతో పోయొచ్చినాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. ఓడకు ఐదుకి నాలుగున్నర స్టార్లు, అద్దెకు తీసుకున్న మోటర్‌హోమ్‌కు, అంటే మంచాలూ వంటిల్లూ లోపలే ఉండే బండికి, మూడు, ఆ బండి ఇచ్చిన కంపెనీ వాళ్ల సర్వీస్‌కు రెండే. మా కర్నూల్లో తెలిసిన ఇండ్లల్లోనే ఎంతమంది పిల్లోళ్లు మెల్‌బోర్న్‌లో ఉండారో, వాళ్ల అమ్మానాయనలు విజిటర్ వీసా మీద పోయి నెలల తరబడి ఇంట్లో టీవీ చూసుకుంటా కూర్చుని, వీకెండ్ గుడికి ఒకసారి మాల్‌కు ఒకసారి పోయి, తిరిగొచ్చేస్తాండారు. అంత దూరం పోయినప్పుడు పెద్దోళ్లను కూడా ఇట్లాంటి ట్రిప్‌కు తీసుకుపోవచ్చు, మోకాళ్ల నొప్పులున్నా బీపీ మాత్రలున్నా ఇబ్బంది లేకుండా పోయిరావచ్చు అని చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తాండా.

మేం పోయింది ఆరుగురం, అమ్మ, నాయన, నేను, తమ్ముడు, మరదలు, వాళ్ల పాప. మెల్‌బోర్న్‌లో బండి తీసుకుని గ్రేట్ ఓషన్ రోడ్డు చుట్టి గీలాంగ్ వచ్చి, అక్కడ బండితో సహా స్పిరిట్ ఆఫ్ టాస్మేనియా ఓడ ఎక్కి, రాత్రంతా సముద్రంలో పోయి తెల్లారి టాస్మేనియా దీవిలోని డెవన్‌పోర్ట్‌లో దిగడం, అదీ ప్లాన్. ఈ ఓడ ఇంతకుముందు మెల్‌బోర్న్ స్టేషన్ పియర్ నుంచి పోయేది, 2022 అక్టోబర్ నుంచి గీలాంగ్‌కు మారింది, పాత వీడియోలు చూసి మెల్‌బోర్న్ పోర్టుకు పోకండి, గీలాంగ్ అక్కడి నుంచి 75 కిలోమీటర్లు.

బండి సంగతి. మాది సొంత ఇంజన్ ఉండే ఆరు బెర్తుల డీజిల్ మోటర్‌హోమ్, కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే క్యారవాన్ కాదు, దాన్ని రివర్స్ తీయాలంటే శానా అలవాటుండాల. నాలుగున్నర టన్నుల లోపు బండి అయితే మామూలు కారు లైసెన్స్ చాలు, మన లైసెన్స్ కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి విజిటర్‌గా పోయినోళ్లు దాంతోనే తోలొచ్చు, కాకపోతే అద్దె కంపెనీ వాళ్ల కండిషన్లు వేరే ఉంటాయి, వయసు, ఎన్నేండ్ల అనుభవం అన్నీ అడుగుతారు, ముందే చూసుకోవాల. అక్కడా మనలాగే ఎడమపక్కే తోలేది కాబట్టి నేనూ తమ్ముడూ మార్చి మార్చి తోలినాం. ఎత్తు మూడు మీటర్లు దాటుతుంది, పెట్రోల్ బంకు కప్పు కిందికి పోయేటప్పుడూ చెట్ల కొమ్మల కిందా పక్కన కూర్చున్నోళ్లు పైకి చూస్తా ఉండాల్సిందే.

లోపల మాత్రం బాగుండాది. డ్రైవర్ తల మీద ఒక మంచం, నిచ్చెనెక్కి పోవాల, అది తమ్ముడోళ్లకు. వెనక సోఫాలను కలిపితే పెద్ద మంచమవుతుంది, అది అమ్మానాయనలకు, పక్కనే బాత్రూమ్ కాబట్టి నాయనకు రాత్రి లేచినా రెండడుగులే. మధ్యలో టేబుల్ కిందికి దించితే మంచం, దాని మీద నేనూ పాప. మూడు బర్నర్ల గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, సింకు. అమ్మ మొదటి రోజే ఉగ్గాని చేసింది. బొరుగులు మెల్‌బోర్న్ ఇండియన్ షాపులోనే దొరుకుతాయి, తడిపి పిండి పుట్నాల పొడి చల్లితే అయిపోయే పని కాబట్టి ఇట్లాంటి వంటింటికి దాన్ని మించిన టిఫిన్ లేదు. ఒకటే, తిరగవాత వేసేటప్పుడు పైన కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, ఎండు మిరపకాయ నూనెలో పడగానే పొగ అలారం కొడుతుంది, క్యారవాన్ పార్కులో, అంటే ఇట్లాంటి బండ్లు రాత్రికి ఆపుకునే చోట, పక్కోళ్లు కూడా లేచి చూస్తారు.

కంపెనీ వాళ్ల మీద నా కోపం వేరే. పేరు రాయను గానీ జరిగింది చెప్తా. బండి ఇచ్చేటప్పుడు గబగబా అన్నీ చూపించి సంతకం పెట్టించుకున్నారు, రాత్రి వేస్తే హీటర్ పని చేయలేదు, అరవై దాటినోళ్లు ఉండారని బుకింగ్‌లోనే రాసినాం, ఫోన్ చేస్తే ఇంకో బ్రాంచికి తీసుకురండి అన్నారు, ఆ బ్రాంచి మేం పోయే దారికి పూర్తిగా అడ్డం. తమ్ముడు దుకాణంలో కరెంటు హీటర్ కొన్నాడు, క్యారవాన్ పార్కులో కరెంటు కనెక్షన్ ఉన్న సైటు తీసుకున్న రాత్రులు దాంతోనే గడిచింది. టాయిలెట్ క్యాసెట్, అంటే కింద ఉండే డబ్బా, దాన్ని బయటి తలుపులోంచి లాగి డంప్ పాయింట్‌లో ఖాళీ చేయాల, అది ముందు వాడినోళ్లది సగం అట్లనే ఉండాది. ఇది శుభ్రం చేసి ఇయ్యడం అనేది కనీస మర్యాద కదా. మీరు తీసుకునేటప్పుడు హీటర్ వెలిగించి చూడండి, నీళ్ల మోటర్ ఆన్ చేసి చూడండి, క్యాసెట్ లాగి చూడండి, టైమ్ లేదు అన్నా సరే అక్కడే నిలబడి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం పొడవు. ఓడలో బండికి టికెట్ పొడవును బట్టి, ఎత్తును బట్టి ఉంటుంది. వెబ్‌సైట్‌లో కంపెనీ వాళ్లు రాసిన పొడవు చూసి మేం టికెట్ తీసుకున్నాం, తీరా చూస్తే బండి వెనకాల సైకిళ్లు పెట్టే ఇనుప స్టాండు ఉండాది, అది వాళ్ల లెక్కలో లేదు. పోర్టులో కొలిస్తే ఎక్కువొచ్చింది, తేడా డబ్బులు కట్టినాం. పోర్టు వాళ్లది న్యాయమే, జాగా ఎంత పడుతుందో అంతకు తీసుకుంటారు. అద్దె కంపెనీ మాత్రం అది మా బాధ్యత కాదంది, ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెట్టినాక సగం వెనక్కిచ్చింది. బండి నంబరు చెప్పి, వెనక స్టాండు, టో బార్ (వెనక ఇంకో బండి తగిలించే కడ్డీ) అన్నీ కలిపి ఎంత పొడవో మెయిల్‌లో రాయించుకున్నాకే ఓడ టికెట్ తీసుకోండి. ఓడ మీద టాస్మేనియాకు తీసుకుపోవచ్చా లేదా అని కూడా అందులోనే అడగండి, కొన్ని కంపెనీలు ఒప్పుకోవు.

గ్రేట్ ఓషన్ రోడ్డు గురించి ఎక్కువ రాయను, దాని గురించి రాసినోళ్లు శానామంది ఉండారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కట్టిన రోడ్డు, 240 కిలోమీటర్ల పైచిలుకు, యుద్ధంలో పోయిన తోటోళ్ల గుర్తుగా కట్టినారు. మలుపులు ఎక్కువ, పెద్ద బండితో మెల్లగా పోవాల, వెనక కార్లు వరస కడితే పక్కకు తీసి దారిచ్చే జాగాలు అక్కడక్కడ ఉంటాయి. అపోలో బేలో రాత్రి ఆగినాం, సముద్రంలో నిలువుగా నిలబడిన ట్వెల్వ్ అపోజిల్స్ అనే రాళ్లు చూసినాం, పోర్ట్ క్యాంప్‌బెల్ నుంచి లోపలి హైవే పట్టుకుని కోలాక్ మీదుగా గీలాంగ్ వచ్చేసినాం.

ఇంగ అసలు కథ గీలాంగ్ పోర్టు. టాస్మేనియాకు పచ్చి కూరగాయలు, పండ్లు, మొక్కలు, విత్తనాలు తీసుకుపోనీయరు, ఫ్రూట్ ఫ్లై లాంటి పురుగులూ తెగుళ్లూ ఆ దీవికి రాకుండా చూసుకుంటారు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు, తమ్ముడు ముందునుంచీ చెప్తానే ఉండాడు, అందుకే ముందురోజు రాత్రి కోలాక్ దాటినాక క్యారవాన్ పార్కులో కూర్చుని ఫ్రిజ్ ఖాళీ చేసే పని పెట్టుకున్నాం. ఎర్రగడ్డలన్నీ కోసి పులుసు, పచ్చిమిరపకాయలు నూరి ఎర్రగడ్డ పచ్చడి, టమాటాలు చిత్రాన్నం పక్కకు పప్పులో. కరివేపాకు మాత్రం అమ్మ వదల్లేదు, పెనం మీద వేయించి నలిపి చెనిక్కాయల పొడిలో కలిపేసింది. కర్నూలు మార్కెట్ యార్డు ఊరోళ్లం, ఎర్రగడ్డ లేకుండా వంటిల్లు ఎట్లా నడుస్తుందని అమ్మకు నిజంగా దిగులు.

పోర్టులో క్యూలో నిలబడినప్పుడు ఒకామె వచ్చి బండి తలుపు తీయమంది, ఫ్రిజ్ తెరిచింది, సింకు కింద అర చూసింది, వెనక సోఫా కింద చూసింది. వండిన పులుసు, పెరుగన్నం, పొడులు, బియ్యం, బెల్లం, ఊరగాయ దేనికీ ఏమీ అనలేదు. అమ్మ హ్యాండ్‌బ్యాగులో నిమ్మకాయ ఉండాది. బస్సెక్కినా కారెక్కినా కడుపులో తిప్పకుండా వాసన చూసుకోడానికి ఎప్పుడూ పెట్టుకునేదే. చూపించి "ఇది తినేదానికి కాదు తల్లీ, వాసనకు" అని తెలుగులోనే చెప్పింది, ఆమె నవ్వి, రెండు చేతులూ జోడించి, డబ్బా వైపు చూపించింది. అందులో వేసేసింది అమ్మ. బదులుకు మరదలు అల్లం మురబ్బా తెచ్చి పెట్టింది, అది మిఠాయి కిందికి వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు, సముద్రంలో అదే పనికొచ్చింది కూడా. ఎవరైనా పెద్దోళ్లను తీసుకుపోతే మురబ్బా తప్పకుండా పెట్టుకోండి, వాంతుల మాత్ర కూడా ఓడ కదలకముందే వేసుకోవాల, తిప్పడం మొదలైనాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

తర్వాత గ్యాస్. బండిలో వంట సిలిండర్ వాల్వు కట్టేయాల, కట్టేసినట్టు చెక్ చేసి ట్యాగ్ వేస్తారు. డబ్బాలో విడిగా పెట్రోలు డీజిలు ఉండకూడదు. ఓడలోకి పోయే వాలు మీద బండి ఎక్కుతాంటే ఇనుప పలకలు టకటకమని మోగుతాయి, లోపల పెద్ద గోడౌన్, లారీలు ఒక వరస, గుర్రాల ట్రైలర్ ఒకటి, కార్లు, మోటర్‌హోమ్‌లు. పసుపు జాకెట్టాయన ఒక చేత్తో రా రా అంటా ఇంకో చేతిని మా బానెట్ ముందు పెట్టి, ముందు బండికి మా బండికి మధ్య ఒక మనిషి అడ్డంగా తిరిగితే పట్టేంత జాగాలో ఆపించినాడు. అద్దాలు మడిచి, గేరు పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, డెక్కు నంబరు, మెట్ల తలుపు రంగు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. ఎందుకంటే ఒకసారి ఓడ కదిలినాక బండి దగ్గరికి ఎవ్వరినీ పోనీయరు, తెల్లారి పిలిచినప్పుడే. కాబట్టి మాత్రలు, స్వెటర్, రాత్రి గుడ్డలు, పాప దుప్పటి, కళ్లద్దాలు, కట్టుకున్న డబ్బాలు అన్నీ ఒక్క సంచిలో పెట్టుకుని పైకి పోవాల. లిఫ్టు ఉంది, అమ్మ మెట్లెక్కే పని పడలేదు.

నాయన ఆ లారీల వరస చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయినాడు. "సంగమేశ్వరం కాడ పడవలో మోటర్ సైకిల్ ఎక్కిచ్చి సోమశిలకు దాటేది చూసినా గానీ రా పెద్దోడా, లారీలే లోపలికి తోలుకుంటా పోయేది ఇదే చూసేది" అన్నాడు. నాయన లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ క్లర్కు చేసి రిటైరైన మనిషి, ఆ వరసలు ఎట్లా కట్టినారో, బరువు ఏ పక్క ఎంత పెట్టినారో ఆయనకు చూడాలని ఉంటుంది. ఈ ఓడ 1998లో ఫిన్లాండ్‌లో కట్టింది, మొదట గ్రీసు కంపెనీ వాళ్లు నడిపినారు, 2002 నుంచి ఇక్కడ తిరుగుతాంది, 194 మీటర్ల పొడుగు, మనుషులు పద్నాలుగొందల మంది, కార్లు ఐదొందల దాకా పడతాయి, నడిపేది టాస్మేనియా ప్రభుత్వ కంపెనీ. ఇవన్నీ నాయనకు చదివి వినిపిస్తే ఒక్కోటి మళ్లీ మళ్లీ అడిగినాడు.

క్యాబిన్ గురించి. దయచేసి పెద్దోళ్లకు క్యాబిన్ తీసుకోండి. డబ్బులు మిగులుతాయని కూర్చునే రిక్లైనర్ సీట్లు తీసుకునేది కుర్రోళ్లకు సరే, మోకాళ్ల నొప్పులుండేటోళ్లకు పది పదకొండు గంటలు అట్లా కూర్చుంటే మర్నాడు ట్రిప్ అంతా పోతుంది. మాకు ఒక నాలుగు బెర్తులది, ఒక రెండు బెర్తులది. చిన్నదే, కానీ తెల్లటి దుప్పట్లు, మంచి దిండు, లోపలే బాత్రూమ్, వేడినీళ్లు, తలకాడ ఒక్కో బెర్తుకు ఒక లైటు. పై బెర్తులు నిచ్చెనతో ఎక్కేవి, కింద రెండూ అమ్మకూ నాయనకూ. కిటికీ ఉన్న క్యాబిన్ కొంచెం ఎక్కువ రేటు, నాయన కోసం అదే తీసుకున్నాం, ఆ డబ్బు పెట్టినందుకు నాకు శానా సంతోషం. కిందే ఉండే, మధ్యలో ఉండే క్యాబిన్లలో ఊగుడు తక్కువ, బుక్ చేసేటప్పుడు అది అడగండి.

వేసవి కాబట్టి, అక్కడ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, ఎనిమిదిన్నరకు కూడా వెలుతురే. డబ్బాలు విప్పి పెరుగన్నం, పులుసన్నం తిని పై డెక్కు మీదికి పోయినాం. గీలాంగ్ నుంచి మొదట కొరియో బే, తర్వాత పోర్ట్ ఫిలిప్ బే, అక్కడిదాకా నీళ్లు మా సుంకేసుల బ్యారేజీ కాడ నిలిచిన నీళ్లే అనుకోండి, ఓడ కదులుతాందా లేదా అన్నది ఒడ్డున లైట్లు చూస్తేనే తెలిసేది. పాయింట్ లాన్స్‌డేల్, పాయింట్ నెపియన్ మధ్య ఇరుకు సందు ఉంటుంది, రిప్ అంటారు, బే నీళ్లూ బయట సముద్రమూ కొట్టుకునే తావు, శానా ఓడలు మునిగిన చోటంట. అది దాటగానే ఓడ ముందు భాగం మెల్లగా పైకి లేచి కిందికి దిగడం మొదలైంది. ఆస్ట్రేలియా పెద్ద భూభాగానికీ టాస్మేనియాకూ మధ్య ఉండే ఈ బాస్ జలసంధి సగటున 60 మీటర్ల లోతే, పడమటి గాలులు నేరుగా వచ్చి ఆ తక్కువ లోతు నీళ్లను లేపుతాయి, అందుకే అలలు దగ్గర దగ్గరగా లేస్తాయి. మేం పోయిన రాత్రి అక్కడోళ్ల లెక్కలో ప్రశాంతమే, అయినా బాత్రూమ్ తలుపు గడియ వేయకపోతే దానంతట అదే తెరుచుకునేది, నీళ్ల గ్లాసు టేబుల్ మీద ఇటునుంచి అటు జరిగేది.

అమ్మ మురబ్బా నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు భయం వేసి రాత్రి లేచి చూస్తే గాఢంగా నిద్రపోతాంది. వాంతులైంది మరదలికి, బెర్తు పక్కనే కాగితం సంచులుంటాయి, రిసెప్షన్‌లో అడిగితే నీళ్ల బాటిలు తెచ్చి ఇచ్చి, మధ్యలో ఉండే లాంజిలో కూర్చోమని సలహా చెప్పి, కూర్చున్నాక మళ్లీ వచ్చి అడిగిపోయింది అక్కడి అమ్మాయి. ఓడకు నేనిచ్చిన స్టార్లలో ఒక పూర్తి స్టారు ఆ అమ్మాయిదే. అర స్టారు తగ్గించింది క్యాంటీన్‌లో మనోళ్లకు శాకాహారం పెద్దగా లేదనే, చిప్స్, సలాడ్, బ్రెడ్ అంతే, శాకాహారులు డబ్బాలు కట్టుకుపోవడమే మేలు.

తెల్లవారి మైకులో లేపుతారు. నాయన అంతకుముందే లేచి కిటికీ కాడ కూర్చున్నాడు. డెవన్‌పోర్ట్ దగ్గర ఓడ మెర్సీ నదిలోకి వస్తుంది, అంత పెద్ద ఓడకు ఆ నది ఎంత ఇరుకో చూడాల, రెండు పక్కలా ఇండ్లు, ఇండ్ల ముందు నైటీ మీద స్వెటర్ వేసుకుని కాఫీ కప్పుతో నిలబడినోళ్లు కనిపిస్తారు, అక్కడే మెల్లగా చుట్టూ తిప్పి ఒడ్డుకు ఆనిస్తారు. బండి దిగేటప్పుడు మళ్లీ తనిఖీ, కుక్కలు కూడా ఉంటాయి, మా దాంట్లో ఏమీ లేదు.

పోర్టు దాటి కాసేపు పోతే ఎర్రమట్టి. దున్నిన పొలాలు ఎర్రగా, వాటి పక్కన ఎర్రగడ్డ తోటలు, ఆలుగడ్డ తోటలు. అక్కడి ఎర్రగడ్డ విదేశాలకు కూడా పోతుంది. అమ్మ బండి ఆపించింది. కంచె ఇవతల నిలబడి, ఆకు వాలిపోయిన మడిని చూసి "కోతకొచ్చింది, ఇంగ నీళ్లు ఆపేసుంటారు" అంది. మా తాతోళ్లది కోడుమూరు పక్క, చిన్నప్పుడు మడిలో పనిచేసిన మనిషి. నిమ్మకాయ ఎందుకు తీసేసుకున్నారో నేను చెప్తే వినలేదు గానీ ఆ మడి చూసినాక తనే అంది, పంట ఇట్లా ఉన్నప్పుడు పురుగును రానీయకూడదులే, నేనైనా అంతే చేస్తా అని. తర్వాత డెవన్‌పోర్ట్ సూపర్ మార్కెట్లో సంచి నిండా ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు కొన్నాం, కరివేపాకు మాత్రం దొరకలేదు.

టాస్మేనియాలో ఏమేం చూసినామో గబగబా చెప్తా. క్రేడిల్ మౌంటెన్‌కు గంటన్నర దారి, డవ్ లేక్ దాకా పగలు సొంత బండ్లు పోనీయరు, విజిటర్ సెంటర్ కాడ పెట్టి షటిల్ బస్సులో పోవాల, పెద్దోళ్లకు అదే సుఖం. సాయంత్రం రోనీ క్రీక్ కాడ వాంబాట్లు, అంటే చిన్న ఎలుగుబంటి పిల్లల్లా ఉండే జంతువులు, గడ్డి మేస్తా కనిపించినాయి, పాప అక్కడి నుంచి కదల్లేదు. బే ఆఫ్ ఫైర్స్ కాడ నారింజ రంగు లైకెన్ (పాచి లాంటిది) పట్టిన రాళ్లు, తెల్ల ఇసుక. వైన్‌గ్లాస్ బే పైకి ఎక్కేది పెద్దోళ్లకు వద్దు, మెట్లు శానా. పొద్దు మునిగినాక మాత్రం బండి తోలకండి, వాలబీలు, అంటే చిన్న కంగారూల్లాంటివి, రోడ్డు మీదికి దూకుతాయి, పొద్దున రోడ్డు పొడుగునా చచ్చి పడుంటాయి, రాత్రి తోలితే ఇన్సూరెన్స్ వర్తించదని మా అద్దె కాగితాల్లో కూడా రాసింది.

ఖర్చు దాచను. ఓడ టికెట్లు, బండి అద్దె, క్యారవాన్ పార్కులు, డీజిల్ అన్నీ కలిపితే విమానంలో టాస్మేనియాలోని లాన్సెస్టన్ పోయి కారు తీసుకుని హోటళ్లలో ఉన్నదానికంటే ఎక్కువే పడింది. విమానం గంట సేపే. ఇద్దరే పోయేటట్టయితే నేను విమానమే చెప్తా. ఆరుగురు, అందులో ఇద్దరు పెద్దోళ్లు, ఒక చిన్నపిల్ల ఉంటే లెక్క మారుతుంది, ప్రతి రాత్రీ సామాను దించి ఎక్కించే పని లేదు, నాయన ఎక్కడ అలసిపోతే అక్కడే పక్కకు తీసి మంచం మీద పడుకోబెట్టొచ్చు, అమ్మకు తన చేతి వంట. సీజన్‌లో ఓడలో క్యాబిన్లు ముందే అయిపోతాయి, అందుకే వీసా రాగానే మొదట క్యాబిన్ చూసుకుని, ఆ తేదీలకు బండి చూసుకోండి, బండి ముందు తీసుకుంటే ఓడలో జాగా దొరక్క తేదీలు కుదరవు. అద్దె కంపెనీ క్రెడిట్ కార్డు మీద బాండ్ కింద, అంటే డిపాజిట్‌గా, పెద్ద మొత్తం బ్లాక్ చేస్తుంది, అక్కడుండే పిల్లల కార్డయితే మన ఫారెక్స్ తేడాలు తగలవు.

మా పెద్దమ్మోళ్లు వచ్చే వేసవికి పోతాండారు. వాళ్లకు చెప్పిందీ ఇదే, ఓడ ఇదే, కిటికీ క్యాబిన్ ఇదే, బండి మాత్రం వేరే కంపెనీలో.